సూక్ష్మజీవుల సేద్యము – 9: లోపము పండించిన పంట

సూక్ష్మజీవి స్వభావముచేతనే మితవ్యయపరాయణము. తన బ్రతుకునకు వలసిన ద్రవ్యమును వలసినంత మాత్రమే సిద్ధపఱచుకొని, ఆ మేర దాటిన క్షణముననే పని నిలిపివేయు నియమము దాని దేహమునందే యిమిడి యున్నది. ఏ పదార్థమునైనను వెలుపలికి పాఱబోయుట దానికి నష్టము. నష్టపడు జాతి మట్టిలోని పోటీయందు నిలువదు. అట్టి ప్రాణిచేత, అదియును తన వంశరహస్యమంతయు ఏ కేంద్రకామ్లములలో నిక్షిప్తమై యున్నదో వాని పూర్వద్రవ్యములనే, అవసరమునకు ఎన్నో రెట్లు మించి తొట్లకొలదిగా చేయించి వెలికి రప్పించుట ఎట్లు సాధ్యమయ్యెనో ఈ ప్రకరణమున చెప్పవలసి యున్నది. గత ప్రకరణమున వర్ణించిన గ్లుటామిక్ ఆమ్లపు కథకు ఇది తోబుట్టువు. దీనికిని ప్రధానరంగము జపానుదేశమే. కాని దీని వేళ్లు జర్మనీ, అమెరికా దేశములకు ప్రాకినవి, వానిలో ఒక వేరు మన భీమవరమునకును చేరినది.

1847లో యూస్టస్ ఫాన్ లీబిగ్ గోమాంసరసమును కాచి, వడియగట్టి, దానినుండి ఒక క్రొత్త ఆమ్లమును వేఱుచేసి ఇనోసినికామ్లమని పేరిడెను. ఆ కాలమునకు కేంద్రకామ్లమను మాటయే పుట్టలేదు. ఆ పదార్థము దేనితో కూడినదో తెలియుటకు అఱువదియేండ్లు గడచెను; న్యూయార్కు నగరమునందు లెవీన్, జేకబ్సు అను శాస్త్రజ్ఞులు 1909 ప్రాంతమున దానియందలి చక్కెర రైబోసని నిర్ణయించిన పిమ్మట, హైపోజాంథీను అను నత్రజనిక్షారము, రైబోసు, ఫాస్ఫేటు అను మూడింటి కూర్పే ఇనోసినికామ్లమని స్పష్టమయ్యెను. అది అప్పటికి రసాయనశాస్త్రజ్ఞుల కుతూహలమునకు మాత్రమే విషయము. దానికొక రుచి కలదనియు, ఆ రుచికి జనులు వెల యిత్తురనియు ఐరోపాలో నెవరును తలపలేదు.

ఆ తలంపు టోక్యోలో పుట్టినది. ఇకెడా కికునాయె 1908లో కొంబు అను సముద్రపు నాచులోని రుచికి గ్లుటామిక్ ఆమ్లపు లవణమైన గ్లుటామేటే కారణమని నిరూపించుట మన పాఠకు లెఱుగుదురు. జపానువారి వంటకు ఆధారమైన చారు కొంబుతో మాత్రమే ముగియదు; దానిలో కత్సువోబుషి పడవలయును. ట్యూనా జాతికి చెందిన కత్సువో చేపను ఉడికించి, ముండ్లు తీసి, కట్టెల పొగలో పలుమాఱు ఆరబెట్టి, దానిపై ఒక జాతి బూజును పట్టించి యెండబెట్టి, మరల పట్టించి మరల యెండబెట్టి, నెలల తరబడి చేయు పని యది. తుదకు రెండు ముక్కలను ఒండొంటితో తాకించినచో ఖణేలుమను నంత గట్టిపడును. దానిని చిత్రికపట్టి, పొట్టుగా రాలిన పలుచని రేకలను వేడినీట కొలదిసేపు ఉంచి తీసివేయుదురు. ఇకెడా శిష్యుడైన కొడామా షింతారో 1913లో ఈ రేకల సారమును పరీక్షించి, దాని రుచికి మూలము ఇనోసినికామ్లపు హిస్టిడీను లవణమని ప్రకటించెను. లీబిగ్ పాత్రలో ఆఱుపదుల యేండ్లకు పూర్వము తేలిన ఆ పదార్థమే మరల ఒక వంటింటి ద్రవ్యమునందు ప్రత్యక్షమయ్యెను.

ఆ చేపలో అది యెక్కడనుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న మన యెల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపక తప్పదు. 1895లో భీమవరమున జన్మించి, దారిద్ర్యమును, సోదరుల మరణమును, వ్యాధిని చవిచూచి, బోస్టను చేరిన ఆ మహనీయుడు హార్వర్డు వైద్యవిద్యాలయమున సైరస్ ఫిస్కెతో కూడి పనిచేయుచు, దేహద్రవములలోని ఫాస్ఫరసును ద్రావణమునం దేర్పడు నీలవర్ణపు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఆ పద్ధతి నేటికిని ప్రయోగశాలలలో వారి పేరనే చెల్లుచున్నది. కొలుచు సాధనము చేతికి వచ్చిన పిమ్మట కండరములోని ఫాస్ఫేటు పదార్థములు ఒకటొకటిగా బయటపడినవి: 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏటీపీ. అదే యేట జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ దానిని కనుగొనుటచే కీర్తి యిరువురికిని పంపకమైనది. కండరమునకు శక్తినిచ్చు ఈ ఏటీపీయే చేప చచ్చిన పిదప క్రమముగా ఫాస్ఫేటులను కోల్పోయి అడినిలికామ్లమగును. అది యొక ఎంజైముచే అమోనియాను విడిచి ఇనోసినికామ్లమగును. తరువాతి విచ్ఛేదము మందగతిని సాగుటచే ఇనోసినికామ్లము కొంతకాలము కండరమునందే నిలిచియుండును. కావున కత్సువోబుషిలోని రుచి బ్రతికియున్న చేపలో అంతగా లేదు. ఒకనాడు దాని యీతకు బలమైన పదార్థము విఱిగి రుచియైనది.

కొడామా తరువాత నలువదియేండ్లు ఈ విషయమున చెప్పదగిన పని జరుగలేదు. 1950 దశకమున, టోనే నదీముఖమునందలి చోషి పట్టణమున 1645 నుండి సోయారసము కాచుచున్న యమాసా సంస్థయందు కునినాకా అకిరా అను యువశాస్త్రజ్ఞుడు, ఈస్టునుండి లభించు రైబోన్యూక్లియిక్ ఆమ్లమును, అనగా ఆర్ఎన్ఏను, ముక్కలు చేసి రుచిద్రవ్యమును పొందవచ్చునా యని యోచించెను. ఇచ్చట నున్న చిక్కు సూక్ష్మమైనది. రైబోసు చక్కెరకు అయిదు కర్బనపరమాణువులు. ఫాస్ఫేటు వానిలో రెండవదానికిగాని, మూడవదానికిగాని, అయిదవదానికిగాని తగులుకొని యుండవచ్చును. ఆర్ఎన్ఏను క్షారముతో కాచినచో రెండవ, మూడవ స్థానములందు ఫాస్ఫేటు గల ముక్కలే వచ్చును. వానికి రుచి లేదు. అయిదవ స్థానమున ఫాస్ఫేటు ఉన్నవానికే, అందును ఇనోసినిక్, గ్వానిలిక్ ఆమ్లములకే, ఆ రుచి కలదని కునినాకా తేల్చెను. కొడామా చెప్పిన హిస్టిడీను అవసరమే లేదని దీనితో తేటపడెను. ఒక్క పరమాణుస్థానపు భేదముచే నాలుక ఒకదానిని గుర్తించుటయు వేఱొకదానిని గుర్తింపకుండుటయు నాకు ఈ చరిత్రయంతటిలో మిక్కిలి ఆశ్చర్యము గొలుపు సంగతి. ఆర్ఎన్ఏను సరిగా ఆ స్థానమున ఫాస్ఫేటు మిగులునట్లు కోయగల ఎంజైమును పెన్సిలియం సిట్రినం అను బూజులో ఆయన కనుగొనెను.

అంతకంటెను ముఖ్యమైన వేఱొక సత్యము ఆయన నాలుకకే తట్టినది. గ్లుటామేటు కొంచెము, ఈ న్యూక్లియోటైడు (క్షారము, చక్కెర, ఫాస్ఫేటు కూడిన ముక్కకు ఈ పేరు) మఱికొంచెము కలిపినప్పుడు పుట్టు రుచి ఆ రెండింటి రుచుల మొత్తము గాదు. అది పెక్కురెట్లు బలవత్తరము. కొంబును, కత్సువోబుషిని ఒకే చారులో వేయు జపాను వంటవారు ఈ రహస్యమును శాస్త్రజ్ఞులకు పూర్వమే ఆచరణలో పట్టుకొని యుండిరి. దీనికి కారణము మాత్రము 2008లో గాని తేటపడలేదు: నాలుకపై నున్న రుచిగ్రాహక ప్రోటీనులో గ్లుటామేటు కూర్చుండు మడత ప్రక్కనే ఇనోసినికామ్లము చేరి, ఆ మడత తెఱచుకొనకుండ పట్టియుంచును.

1960 దశకారంభమున ఈ ద్రవ్యములు అంగడికి వచ్చినవి. ఈస్టును పెంచుట, దాని ఆర్ఎన్ఏను తీయుట, ఎంజైముతో కోయుట అనునది పద్ధతి. యమాసావారు బూజు ఎంజైమును, టకెడా సంస్థవారు స్ట్రెప్టోమైసిస్ జాతి ఎంజైమును వాడిరి. పద్ధతి నిర్దుష్టమే గాని మూల్యమున నొక కొఱత కలదు. ఆర్ఎన్ఏలో క్షారములు నాలుగు. గ్వానిలికామ్లము సూటిగా పనికివచ్చును. అడినిలికామ్లమును మఱియొక ఎంజైముతో ఇనోసినికామ్లముగా మార్చవలయును. సిటిడిలిక్, యూరిడిలిక్ ఆమ్లములకు రుచియే లేదు. పండిన పంటలో సగపాలు అక్కఱకు రాని పంట. అందుచే, వలసిన న్యూక్లియోటైడు నొక్కదానినే చక్కెరనుండి సూటిగా సూక్ష్మజీవిచేత చేయింపరాదా యను ప్రశ్న వచ్చెను.

ఆ ప్రశ్నకు కావలసిన విజ్ఞానము అంతలో అమెరికాలో సిద్ధమై యుండెను. జాన్ బుకానన్ పావురముల కాలేయముపైనను, రాబర్ట్ గ్రీన్‌బర్గు మున్నగువారు స్వతంత్రముగాను పరిశోధించి, హైపోజాంథీను మున్నగు ప్యూరీను జాతి క్షారమును జీవకణ మెట్లు కూర్చునో 1950 దశకమున మెట్టు మెట్టుగా వివరించిరి. పావురమునే యేల యనగా, పక్షులు నత్రజనిని యూరికామ్లరూపమున విసర్జించును. యూరికామ్లము ప్యూరీను జాతిదే. కనుక ప్యూరీను నిర్మాణము వాని కాలేయమున నిరంతరము జరుగుచుండును. రైబోసు ఫాస్ఫేటుపై పది మెట్లలో, గ్లైసీను, గ్లుటామీను, ఆస్పార్టికామ్లము, కార్బన్ డయాక్సైడు, ఫార్మేటు ఇచ్చిన పరమాణువులతో వలయము పూర్తియై మొట్టమొదట రూపొందు న్యూక్లియోటైడు ఇనోసినికామ్లమే. అచ్చటినుండి దారి రెండుగా చీలును: ఒకటి అడినిలికామ్లమునకు, మఱియొకటి జాంథిలికామ్లముమీదుగా గ్వానిలికామ్లమునకు.

ఈ మార్గమునందును సుబ్బారావుగారి అడుగుజాడ కానవచ్చును. ఆ వలయములోని రెండు కర్బనపరమాణువులను తెచ్చి యిచ్చు వాహకము ఫోలికామ్లమునుండి పుట్టినది. ఆ ఫోలికామ్లపు నిర్మాణమును నిర్ణయించి 1945లో కృత్రిమముగా సంధించిన లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనలకు నాయకుడు ఆయనయే. అదే యేట స్టెటెన్, ఫాక్స్ అను నిరువురు, సల్ఫా మందు సోకి పెరుగుదల నిలిచిన ఎషెరీషియా కోలై బాక్టీరియాల ద్రవములో ఒక అమీను పోగుపడుట చూచిరి. సల్ఫా మందు బాక్టీరియాకు ఫోలికామ్లము కట్టుకొను శక్తిని నశింపజేయును. ఫోలికామ్లము లేనిచో ప్యూరీను వలయమునకు చివరి కర్బనము అందదు. అందక, వలయము మూసికొనకమునుపటి అసంపూర్ణ ద్రవ్యము కణమునుండి పొంగి వెలుపలికి వచ్చినది. రెండేండ్లకు షైవ్ మున్నగువారు దాని నిర్మాణమును స్థిరపఱచిరి. మార్గమధ్యమున ఒక మెట్టు తొలగించినచో దాని ముందటి మెట్టునందలి పదార్థము కూడబడునను సూత్రము ఇచ్చట మందుచేత సిద్ధించినది. ఆ లోపము తాత్కాలికము. తరతరములకు నిలుచు లోపమును కలిగింపవలెనన్న వంశలక్షణమునే మార్పవలయును.

అది యట్లు మార్పవచ్చునని 1941లోనే స్టాన్‌ఫర్డులో బీడిల్, టేటం చూపి యుండిరి. న్యూరోస్పోరా అను రొట్టెబూజుకు ఎక్సురేలు తగిలించి, దాని సంతానమును వేలకొలది విడివిడి గొట్టములలో పెంచి, ఏది తన యాహారమును తాను పూర్తిగా కట్టుకొనలేకున్నదో పరీక్షించుచు పోగా, 299వ సంఖ్య గల వంశము విటమిన్ బి6 లేనిది పెరుగజాలదని తేలినది. అట్టి వికలవంశములను బాక్టీరియాలో వెదకుట మఱింత కష్టము, ఏలన లక్షలలో ఒకటి యుండును. ఆ కష్టమును తీర్చిన యుక్తులు రెండు, రెండును ఆలోచనాసౌందర్యము గలవి. పెన్సిలిను పెరుగుచున్న బాక్టీరియాను మాత్రమే చంపును. కావున పోషకము లేని ద్రవములో బాక్టీరియాల నుంచి పెన్సిలిను వేసినచో, బలముగల సాధారణ కణములు పెరుగబోయి చచ్చును. లోపముగల కణము పెరుగలేక ఊరకుండుటచేతనే బ్రతుకును. 1948లో డేవిస్ ఒకచోట, లెడర్‌బర్గు, జిండరు మఱియొకచోట ఈ యుపాయమును కనిపెట్టిరి. రెండవది 1952లో జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గు దంపతులు ప్రవేశపెట్టిన మఖమలుగుడ్డ పద్ధతి. బాక్టీరియా చుక్కలు మొలచిన పాత్రపై, దిమ్మకు బిగించిన శుద్ధమైన మఖమలుగుడ్డను మెల్లగా అద్ది, ఆ గుడ్డనే, అడినిలికామ్లపు క్షారమైన అడినీను కలిగిన పాత్రపై ఒకమాఱు, లేని పాత్రపై ఒకమాఱు అద్దుదురు. మఱునాడు రెండు పాత్రలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, ఒకదానిలో మొలచి రెండవదానిలో ఖాళీగా నున్న చోటు ఏదో, ఆ చుక్కయే వలసిన వంశము.

లోపమొకటి చాలునా? చాలదని 1956లో తెలిసినది. ఆ యేట అంబార్గరు ఐసోల్యూసీను విషయమునను, యేట్స్, పార్డీ పిరిమిడీనులను మఱియొక జాతి క్షారముల విషయమునను కనుగొన్నది యేమనగా, మార్గపు తుది ఫలమే మొదటి ఎంజైమునకు తగులుకొని దాని పనిని ఆపును. పంట తడిసినదని తెలిసిన వెంటనే తూములు మూయించు నీటిపారుదల కావలివానివలె ఆ తుది ఫలము ప్రవర్తించును. కాలువకు మధ్యలో అడ్డుకట్ట వేసినంత మాత్రమున నీరు నిండదు. తల తూము మూసికొనకుండ చూడవలయును. బాక్టీరియాల ప్యూరీను మార్గమున తల తూమును మూయునవి అడినిలిక్, గ్వానిలిక్ ఆమ్లములు. అందుచే లోపముగల బాక్టీరియాకు తాను చేసికొనలేని అడినీనును బొత్తిగా ఇయ్యకుండరాదు, చచ్చును. నిండుగా ఇయ్యరాదు, తూము మూసికొనును. ప్రాణము నిలుచునంత, తృప్తి కలుగనంత ఈయవలయును. కిణ్వనశాలల విద్యయంతయు ఆ కొలతయందే యున్నది.

ఈ విద్యను జపానులో మొదట అమైనో ఆమ్లములపై ప్రయోగించిరి. క్యోవా హక్కో సంస్థయందు కినోషిటా షుకువో బృందము గ్లుటామికామ్లమును స్రవించు సూక్ష్మజీవిని కనుగొనిన వెంటనే, 1957లో దాని వికలవంశమునుండి ఆర్నిథీనును, మఱుసటి యేట హోమోసెరీను కోరు వంశమునుండి లైసీనును రాబట్టెను. 1961 నాటికి యమాసాలో ఉచిదా, కునినాకా మున్నగువారు బాసిల్లస్ సబ్టిలిస్ జాతియందు ప్యూరీనులపై అదే యత్నము చేసిరి. ఇనోసినికామ్లమునుండి అడినిలికామ్లమునకు పోవు మెట్టు లోపించిన వంశమును అడినీను కొఱతలో పెంచగా ఇనోసీను పోగుపడినది. అజినోమోటో సంస్థవారును ఆ మార్గముననే నడచిరి. ఇనోసినికామ్లము గాక ఇనోసీను రానేల యనగా, ఫాస్ఫేటు గల న్యూక్లియోటైడు విద్యుదావేశము కలదగుటచే కణపు పొరను సులువుగా దాటలేదు; ఈ జాతి బాక్టీరియాలో ఫాస్ఫేటును కోయు ఎంజైములు బలముగా నుండుటచే ఫాస్ఫేటు ఊడిన ఇనోసీను వెలికి వచ్చును.

ఊడిన ఫాస్ఫేటును మరల అయిదవ స్థానముననే తగిలించుట రసాయనశాస్త్రజ్ఞుల పనియైనది. 1967లో యొషికావా, కాటో, టకెనిషి ఆల్కైల్ ఫాస్ఫేటు ద్రావకములో ఫాస్ఫరస్ ఆక్సిక్లోరైడుతో ఆ పనిని సూటిగా జరిపించిరి. మఱియొకవంక వంశములు క్రమముగా మెఱుగుపడినవి. ఒక లోపముపై మఱియొక లోపము, దానిపై విషసదృశ ద్రవ్యములకు లొంగని గుణము. 8-అజాగ్వానీను అనునది గ్వానీను వేషము ధరించి కణమును మోసగించు విషము. దానిని తట్టుకొని బ్రతికిన కణములలో కొన్నింటి తల తూము నిజమైన గ్వానీనునకును లొంగదు. ఫాస్ఫేటు ఊడిన గ్వానిలికామ్లమగు గ్వానోసీనును పండించు వంశములను వెదకునప్పుడు సైకోఫ్యూరానీను, డెకోయినీను అను ద్రవ్యములను అదే తీరున జల్లెడగా వాడిరి. ఇందులో చేతిశ్రమ మిక్కిలి. ఎక్సురేలో, అతినీలలోహిత కిరణములో, రసాయనములో తగిలించి చంపగా మిగిలిన కణములను వేలకొలది చుక్కలుగా మొలిపించి, వేటికవి చిన్న సీసాలలో పెంచి, కొలిచి, ఒకదానిని గైకొని తక్కినవానిని పాఱవేయుట. జన్యువును చదువగల యంత్రములు లేని ఆ కాలమున, ఏ మార్పు ఎచ్చట జరిగినదో కంటితో చూడకయే, లక్షణములనుండి ఊహించి నిర్ణయించిన ఆ పరిశోధకుల సహనమునకు నేను చేయెత్తి నమస్కరింతును.

ఇనోసినికామ్లమును ఫాస్ఫేటుతోగూడ సూటిగా వెలికి రప్పించిన ఘనత క్యోవా హక్కోలో నకయామా, నారా, మిసావా, ఫురుయా మొదలగువారిది. వారు ఎన్నుకొనిన బాక్టీరియా పూర్వము శిశువుల మలమునందు దొరకి, యూరియాను విఱిచి అమోనియాను పుట్టించుటచే అమ్మోనియాజీనిస్ అని పిలువబడినది. అప్పటి గ్రంథములలో బ్రెవిబాక్టీరియం, నేడు కోరినీబాక్టీరియం. దాని అడినీను వికలవంశమును మెగ్నీసియము, ఫాస్ఫేటు లవణములు అధికముగా గల ద్రవములో పెంచగా ఇనోసినికామ్లము దండిగా వచ్చెను. కాని ఒకనాడు వచ్చుట, మఱునాడు రాకుండుట. ఆ చాంచల్యమునకు కారణము తుదకు మాంగనీసని తేలెను. లీటరు ద్రవములో మాంగనీసు కొన్ని పదుల మైక్రోగ్రాములు మించినచో కణములు పుష్టిగా పెరిగి, పొర బిగించుకొని, ఏమియు విడువవు. అంతకు తగ్గినచో డీఎన్ఏకు వలసిన డీఆక్సీ ద్రవ్యములను చేయు ఎంజైము కుంటుపడును. కణము విభజింపలేక సాగి, ఉబ్బి, వంకరలు తిరుగును. పొర సడలి ఫాస్ఫేటుతో కూడిన న్యూక్లియోటైడు సయితము జాఱును.

ప్రయోగశాలలో స్వచ్ఛమైన జలముతో అది సుసాధ్యము. కర్మాగారమున మొలాసిసులో మాంగనీసు, నీటిలో మాంగనీసు, తొట్టి ఉక్కులో మాంగనీసు. లక్షలలీటర్ల ద్రవమున అంతటి సూక్ష్మపరిమాణమును అదుపు చేయుట అసాధ్యప్రాయము. పరిష్కారము మరల లోపములోనే దొరకినది: మాంగనీసు సమృద్ధిగా నున్నను పొర సడలియుండు వంశములను వెదకి సంపాదించిరి. దానితో లీటరునకు పది గ్రాములకు మించి ఇనోసినికామ్లము నిలకడగా లభింపసాగెను. ఇదే బాక్టీరియాకు, మాంగనీసు కొఱతలో, అడినీను నందించినచో ఏటీపీని కూడ పోగుచేయుట కనుగొనిరి. సుబ్బారావుగారు కండరమునుండి రవ్వంత రవ్వంతగా తీసిన పదార్థము అట్లు కిణ్వనపాత్రలో గ్రాములలెక్కకు వచ్చినది.

మన దేశపు పాఠకులకు ఈ పదార్థములతో పరిచయము లేదనుకొనరాదు. చిరుతిండ్ల పొట్లము వెనుకనో, నూడుల్సు మసాలా పొట్లముపైననో సన్నని అక్షరములలో రుచివర్ధకమని వ్రాసి, ప్రక్కన 627, 631, 635 అను సంఖ్యలలో ఒకటి వేయుదురు. 627 గ్వానిలికామ్లపు లవణము, 631 ఇనోసినికామ్లపు లవణము, 635 రెండింటి మిశ్రమము. లీబిగ్ గోమాంసమునుండియు కొడామా చేపనుండియు తీసిన పదార్థమగుటచే శాకాహారులకు దీనిపై శంక కలుగుట సహజము; చక్కెరనో పిండినో ఆహారముగా తిని బాక్టీరియా చేసిన ఇనోసినికామ్లమున మాంసస్పర్శ లేదని, కాని మాంసమునుండి తీసినదియు కలదు గనుక పొట్లముపై పచ్చచుక్క యున్నదో లేదో చూచుకొనుట యుక్తమని మాత్రము చెప్పగలను. ఔషధములకును ఈ సేద్యమే ముడిసరుకు నిచ్చినది. సర్పికి వాడు ఎసైక్లోవిరును గ్వానోసీనునుండి చేయవచ్చును. రిబావిరినుకు కావలసిన రైబోసు భాగమును ఇనోసీను, గ్వానోసీను వంటి ఫాస్ఫేటులేని న్యూక్లియోసైడులనుండియే ఎంజైములు మార్చి తగిలించును. పిరిమిడీను మార్గపు మధ్యమెట్టైన ఓరోటికామ్లమునుండి, మెదడు రుగ్మతలకు వాడు సిటికోలీనును బాక్టీరియాలచేతనే కట్టించిరి.

గ్వానిలికామ్లము మాత్రము చిరకాలము లొంగలేదు. అది రుచియందు ఇనోసినికామ్లముకంటె బలమైనది, కాని తల తూమును మూయుటలోను బలమైనదే. పైగా పుట్టిన వెంటనే కణములోని ఎంజైములకు చిక్కి విఱుగును. సూటిగా రాబట్టు నాశను విడిచి, క్యోవా హక్కోలో ఫుజియో, ఫురుయా మున్నగువారు 1980 దశకమునుండి ఒక మెట్టు క్రిందనున్న జాంథిలికామ్లముతో తృప్తిపడిరి. దానికి రుచి లేదు, తూమును మూయు బలమును తక్కువ. కనుక అమ్మోనియాజీనిస్ వికలవంశము దానిని ధారాళముగా విడుచును. మిగిలిన యొక్క మెట్టు దాటుటకు అమోనియాయు, ఏటీపీయు, ఒక ఎంజైమును వలయును. ఆ ఎంజైమును జన్యుసంధానముచే హెచ్చుగా చేయునట్లు ఎషెరీషియా కోలైను సిద్ధపఱచి, రెండు బాక్టీరియాలను ఒకే తొట్టిలో కూర్చి, పొరలు సడలుటకై క్షాళకద్రవ్యమును, జైలీనును చేర్చిరి. పెరుగుట మానిన ఆ కణములలో అమ్మోనియాజీనిస్ గ్లూకోసును దహించి, వ్యయమైన ఏటీపీని మరల మరల నింపుచుండెను. కోలై ఆ ఏటీపీని గైకొని జాంథిలికామ్లమును గ్వానిలికామ్లముగా మార్చుచుండెను. ఖరీదైన ఏటీపీని వెలుపలినుండి కొని పోయవలసిన అగత్యము తప్పుటచే పద్ధతి కర్మాగారమునకు గిట్టుబాటైనది. అజినోమోటోలో మఱికొందఱు 1990 దశకాంతమున ఫాస్ఫేటును కోయు ఒక బాక్టీరియా ఎంజైమును జన్యుమార్పులతో తిరుగబెట్టి, చవుకైన పైరోఫాస్ఫేటునుండి ఇనోసీనుకు, గ్వానోసీనుకు అయిదవ స్థానముననే ఫాస్ఫేటును తగిలించు సాధనముగా చేసిరి. దానితో ఫాస్ఫరస్ ఆక్సిక్లోరైడు అవసరము తప్పెను.

(సశేషము. తరువాయి ప్రకరణము: విటమిన్ బి12 కిణ్వనము)